మొక్కల్లో ఇన్ని రకాలెందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ‘ఆక్సిజన్’ అంటారు. అక్కడితో విషయం అయిపోయిందనుకుంటారు. నిజానికి మొక్కలు చేసే పనుల్లో మనం ఎక్కువగా పొగిడేదీ, తక్కువగా అర్థం చేసుకున్నదీ ఆ ఒక్కటే. పచ్చదనం వేరు, వైవిధ్యం వేరు. ఈ తేడా చాలా ప్రశ్నల వెనక ఉంది కాబట్టి కింది జవాబుల్లో అది మళ్లీ మళ్లీ తగులుతుంది.

ప్రపంచంలో మొత్తం ఎన్ని రకాల మొక్కలున్నాయి?

పేరు పెట్టి నమోదు చేసిన జాతులు సుమారు మూడున్నర నుంచి 4 లక్షలు. అందులో పూలు పూసేవే 3 లక్షల పైచిలుకు. తడి గోడల మీద పచ్చని మెత్తలా పరుచుకునే మాస్‌లు, వాటి దగ్గరి చుట్టాలు 20 వేల దాకా, పూలూ గింజలూ లేని ఫెర్న్‌ల వర్గం 12 వేల దాకా ఉంటాయి. పైన్, దేవదారు, సైకాడ్ లాంటి పూలు లేని విత్తన మొక్కలు మాత్రం వెయ్యికి కాస్త ఎక్కువ, అంతే. ఇంత తక్కువున్నా భూమి ఉత్తర భాగంలో లక్షల చదరపు కిలోమీటర్ల అడవి ఈ చివరి గుంపుదే. అంటే జాతుల సంఖ్య చూసి ఆక్రమించిన చోటును అంచనా కట్టలేం.

లెక్క ఒక్క అంకె దగ్గర ఎందుకు ఆగదంటే, ఒకే మొక్కకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు శాస్త్రవేత్తలు పేర్లు పెట్టేశారు. వాటిని కలిపేకొద్దీ సంఖ్య తగ్గుతుంది, కొత్తవి దొరికేకొద్దీ పెరుగుతుంది.

పెద్ద కుటుంబాలు ఏవి?

చామంతి, పొద్దుతిరుగుడు ఉన్న కుటుంబంలో 30 వేలకు పైగా జాతులున్నాయి. ఆర్కిడ్లు 28 వేల దాకా, చిక్కుడు కుటుంబం 20 వేలకు దగ్గరగా, గడ్డి కుటుంబం సుమారు 12 వేలు. వరి, గోధుమ, చెరకు, వెదురు అన్నీ గడ్డి కుటుంబానివే. పరిమాణం సంగతికొస్తే, నీటి మీద తేలే ఉల్ఫియా మిల్లీమీటరు కూడా ఉండదు, అయినా పూస్తుంది. రఫ్లీషియా పువ్వు మీటరు వెడల్పు దాకా విచ్చుకుంటుంది, కానీ ఆ మొక్కకు ఆకులే లేవు. కాలిఫోర్నియా తీరంలోని రెడ్‌వుడ్ చెట్లలో అన్నిటికన్నా ఎత్తయినది 115 మీటర్లు దాటింది.

ఇంకా కొత్తవి దొరుకుతున్నాయా?

దొరుకుతున్నాయి. ఏటా దాదాపు 2 వేల కొత్త జాతులకు పేర్లు పెడుతున్నారు. కొత్త మొక్క అనగానే ఎవరూ అడుగుపెట్టని అడవిని ఊహించుకుంటాం. నిజానికి వాటిలో చాలా భాగం హెర్బేరియం బీరువాల్లోనే దొరుకుతాయి. ఎవరో ఎప్పుడో సేకరించి, ఎండబెట్టి, కాగితానికి అతికించి దాచిన కొమ్మ, సరైన నిపుణుడి కంట పడేదాకా దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఇంకా పేరు పెట్టాల్సిన పూల మొక్కల్లో సగానికి పైగా ఇప్పటికే ఇలా బీరువాల్లో ఉండవచ్చని 2010లో వచ్చిన ఒక పరిశోధన అంచనా వేసింది. అడవుల కొరత కంటే మొక్కల్ని గుర్తుపట్టగల మనుషుల కొరతే పెద్దదేమో అనిపిస్తుంది.

పుట్టగొడుగులు, పాచి, లైకెన్లు మొక్కలేనా?

పుట్టగొడుగులు కావు. అవి శిలీంధ్రాలు, వంశవృక్షంలో మొక్కల కంటే జంతువులకే దగ్గర. రాళ్ల మీద, చెట్ల బెరడు మీద బూడిద రంగు మచ్చల్లా కనిపించే లైకెన్ ఒక్క జీవి కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. నీటిలో పాచిగా కనిపించే ఆకుపచ్చ శైవలాలు మాత్రం మొక్కలకు దగ్గరి చుట్టాలు. వాటి పూర్వీకుల్లో ఒక శాఖే నేలమీదికి ఎక్కి మొక్కలైంది.

ఆ నేలమీదికి ఎక్కడం ఎప్పుడు జరిగింది?

సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. తొలి మొక్కలు మాస్‌లలాగా చిన్నవి, నిజమైన వేర్లు లేనివి. తర్వాత నీటిని పైకి తోడే నాళాలు వచ్చాయి, వాటి బలంతో ఎత్తు పెరిగాయి. విత్తనం వచ్చాక పునరుత్పత్తికి నీటి తడి అక్కర్లేకుండా పోయింది. పూల మొక్కలు చాలా ఆలస్యంగా, దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట శిలాజాల్లో స్పష్టంగా కనిపించడం మొదలుపెట్టి, భూవిజ్ఞాన లెక్కలో కన్నుమూసి తెరిచేంతలో అన్ని చోట్లా పరుచుకున్నాయి.

మొక్కలు రాకముందు నేలమీద ఇప్పుడు మనం మట్టి అనేది లేదు. రాయి, ఇసుక, సూక్ష్మజీవుల పొరలు, అంతే. వేర్లు రాతిని చీల్చి, ఆకులు రాలి కుళ్లి, ఆ రెండూ కలిస్తే వచ్చింది మట్టి. మట్టి ఉంది కాబట్టి మొక్కలు ఉన్నాయి అంటాం కానీ, చరిత్రలో చాలా భాగం ఆ మాట తిరగేస్తేనే నిజం.

ఒకే చోట వేల జాతులెలా పుట్టుకొస్తాయి?

ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ ప్రాంతాన్ని చూడండి. దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్లలో 9 వేల మొక్కజాతులు, వాటిలో మూడింట రెండొంతులు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. అక్కడేమైనా సారవంతమైన నేలా అంటే కాదు, చాలావరకు పేద నేల. అదే ఒక కారణం. సారం ఎక్కువున్న చోట ఏపుగా ఎదిగే నాలుగైదు జాతులు మిగతావాటిని కమ్మేస్తాయి. సారం లేని చోట ఎవరికీ అంత బలం ఉండదు, కాబట్టి ఒక్కొక్కటీ తన కిటుకుతో తన మూల పట్టుకుంటుంది. దీనికి కొండలు, లోయలు అడ్డుపడి ఒక గుంపును ఇంకో గుంపు నుంచి విడదీయడం, కొన్నేళ్లకొకసారి మంటలు రావడం, పరాగ సంపర్కం చేసే పురుగులూ పిట్టలూ రకరకాలుగా ఉండడం తోడయ్యాయి.

పువ్వుకూ పురుగుకూ ఉన్న సంబంధం అంత గట్టిదా?

పూల మొక్కల్లో దాదాపు 87 శాతం పుప్పొడి మార్పిడికి ఏదో ఒక జంతువు మీద ఆధారపడతాయని అంచనా. చాలావాటికి ఫలానా పురుగే కావాలని లేదు. కానీ కొన్నిటి పట్టింపు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మేడి జాతి దీనికి మంచి ఉదాహరణ.

మేడిపండు విప్పితే పురుగులుంటాయని తెలియని తెలుగువాళ్లు లేరు. అవి ఎందుకున్నాయో తెలిసినవాళ్లు తక్కువ. మనం కాయ అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. లేత కాయను నిలువునా కోస్తే లోపలి గోడ నిండా ఆవగింజ కంటే చిన్న పూలు వందల్లో కనిపిస్తాయి. కొసన పొలుసులతో మూసుకున్న సన్నని రంధ్రం ఉంటుంది. ఒక రకం చిన్న కందిరీగ ఆడది ఆ రంధ్రంలోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి వచ్చే మాట లేదు. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. గుడ్లున్న పూలు కందిరీగ పిల్లల్ని పెంచుతాయి, మిగతావి గింజ కడతాయి. ముందు మగవి బయటపడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తవ్వి, వాటి పని అక్కడితో సరి. ఆడవి పుప్పొడి మోసుకుని ఆ దారిన ఎగిరిపోతాయి, బతికేది ఒకటి రెండు రోజులే. ఆలోపు అదే జాతి చెట్టు, సరైన దశలో ఉన్న కాయలతో దొరకాలి.

మర్రి, రావి, మేడి, అత్తి అన్నీ ఈ కోవలోవే. ఈ కోవలో మొత్తం 750కి పైగా జాతులున్నాయి. చాలావాటికి తమ తమ కందిరీగలు వేరు. కందిరీగకు ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు కాయలతో ఉండాలి కాబట్టి, ఈ చెట్లు అన్నీ ఒకేసారి కాయవు. దాంతో అడవిలో వేరే పండ్లు లేని నెలల్లో కూడా పిట్టలకు, గబ్బిలాలకు, కోతులకు వీటి పండ్లే దిక్కు. మిల్లీమీటర్ల పురుగు అవసరం మీద హార్న్‌బిల్ పిట్ట కడుపు ఆధారపడి ఉందన్నమాట.

అమెజాన్ అడవి ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇస్తుందా?

ఇవ్వదు. ఈ మాట ఎన్ని వేదికల మీద విన్నా సరే, తప్పు తప్పే. ఎదిగిన అడవి పగలు విడుదల చేసే ఆక్సిజన్‌ను అవే చెట్ల శ్వాసక్రియ, రాలిన ఆకుల్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దాదాపు మొత్తం వాడేస్తాయి. నికరంగా మిగిలేది సున్నాకు దగ్గర. పైగా భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం సముద్రాల్లోని సూక్ష్మ జీవులది.

మరి గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఎక్కడిది? కోట్ల ఏళ్లుగా చనిపోయిన జీవుల్లో కొద్ది భాగం కుళ్లకుండా బురదలో, సముద్రం అడుగున పూడిపోయింది. కుళ్లితే ఖర్చయ్యే ఆక్సిజన్ అలా గాలిలో మిగిలిపోయింది. ఈ నిల్వ ఎంత పెద్దదంటే, రేపు మొక్కలన్నీ పని ఆపేస్తే మనం పోయేది ఆకలితో, ఊపిరాడక కాదు. అడవిని కాపాడాలనడానికి బలమైన కారణాలు చాలా ఉన్నాయి. తప్పు లెక్క ఆధారంగా వాదిస్తే ఆ కారణాల విలువ కూడా పోతుంది.

కొన్ని మొక్కలు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయంటారు?

వెలుతురు లేకుండా ఏ మొక్కా ఆక్సిజన్ ఇవ్వదు. నాగజెముడు, అనాస, కలబంద లాంటివి నీటిని పొదుపు చేసేందుకు పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపల దాచుకుంటాయి. ఈ సంగతే చేతులు మారి ‘రాత్రి ఆక్సిజన్’ అయింది. గదిలో కుండీ పెట్టుకుని పడుకుంటే ప్రమాదమన్న భయమూ అంతే, ఉత్తిదే.

కుండీ మొక్కలు గది గాలిని శుద్ధి చేస్తాయన్న మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. అది గట్టిగా మూసిన చిన్న పెట్టెల్లో జరిగింది. 2019లో పాత ప్రయోగాలన్నిటినీ తిరగేసి లెక్కకట్టినవాళ్లు, మామూలు గదిలో కిటికీ తీసినంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా మొక్కలు కావాలని తేల్చారు. కుండీలు పెట్టుకోండి, కళ్లకు బాగుంటాయి.

చెట్లు వాన కురిపిస్తాయా?

కొన్నిచోట్ల అవును. వేర్లు పీల్చిన నీటిలో ఎక్కువ భాగం ఆకుల రంధ్రాల్లోంచి ఆవిరై పోతుంది. పెద్ద చెట్టు ఒక్కటి రోజుకు వందల లీటర్లు ఇలా గాలిలోకి పంపగలదు. అమెజాన్ లోతట్టున పడే వానలో పావు నుంచి సగం దాకా అడవి తిరిగి పంపిన నీరేనని అంచనాలు.

అలాగని ఎక్కడ చెట్లు నాటినా వాన వస్తుందనుకోవడం పొరపాటు. పొడి ప్రాంతంలో నీళ్లు విపరీతంగా తాగే చెట్లు దట్టంగా నాటితే వాగులే ఎండుతాయి. దక్షిణాఫ్రికా 1995 నుంచి పరాయి పైన్, యూకలిప్టస్, తుమ్మ జాతుల్ని ప్రభుత్వ ఖర్చుతో కొట్టించి మరీ నీటిని కాపాడుకుంటోంది.

మట్టికి మొక్కలు తిరిగి ఏమిస్తాయి?

చూడాలనుకుంటే ఒక వేరుశనగ మొక్కనో పెసర మొక్కనో పూత దశలో మట్టిగడ్డతో సహా తవ్వి తీయండి. పీకకండి, అసలైనవి మట్టిలోనే తెగి ఉండిపోతాయి. వేర్లను నీళ్లలో ముంచి మట్టి వదిలిస్తే అక్కడక్కడా బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అది పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలుపెట్టలేదు, ఆకుపచ్చగా మారితే పని అయిపోయింది.

గాలిలో 78 శాతం నైట్రోజన్ ఉన్నా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బుడిపెలోని రైజోబియం బాక్టీరియా వాడుకునే రూపంలోకి మార్చి ఇస్తుంది, బదులుగా చక్కెర పుచ్చుకుంటుంది. చిక్కేమిటంటే, ఆ పని చేసే ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. బాక్టీరియా బతకడానికేమో ఆక్సిజన్ కావాలి. అందుకే మొక్క ఒక ఎర్రని ప్రోటీన్ తయారుచేసి ఆక్సిజన్‌ను కొలిచి కొలిచి అందిస్తుంది. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే, పేరు లెగ్‌హిమోగ్లోబిన్. ఆ గులాబీ రంగు దానిదే.

చెట్లు భూమిలోపల ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట, నిజమేనా?

మొక్కజాతుల్లో 80 శాతానికి పైగా వేర్లు శిలీంధ్రాలతో కలిసి బతుకుతాయి. సన్నని శిలీంధ్రపు పోగులు వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం, నీరు తెచ్చి ఇస్తాయి, మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. ఇంతవరకు అనుమానం లేదు. ఆ పోగుల ద్వారా తల్లి చెట్టు పిల్ల చెట్లను పోషిస్తుందని, హెచ్చరికలు పంపుతుందని చెప్పేవన్నీ మాత్రం ఉన్న ఆధారాన్ని మించిపోయాయి. 2023లో ఈ రంగంలోని పరిశోధకులే ఆ మాట గట్టిగా చెప్పారు. వినడానికి ముచ్చటగా ఉందని నమ్మేయక్కర్లేదు.

మాస్ లాంటి చిన్న మొక్కల వల్ల ఏం ఒరుగుతుంది?

స్ఫాగ్నమ్ అనే మాస్ తన ఎండు బరువుకు దాదాపు 20 రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. చుట్టూ నీటిని ఆమ్లంగా మార్చేస్తుంది కాబట్టి చనిపోయిన భాగాలు కుళ్లవు, పొర మీద పొర పేరుకుని పీట్ అవుతుంది. పీట్ నేలలు భూభాగంలో సుమారు 3 శాతమే. కానీ వాటిలో ఉన్న కార్బన్, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ. నీరు తీసేసి ఎండబెడితే అదంతా గాలిలోకి పోతుంది. మాస్ కోసం ఎవరూ ర్యాలీలు తీయరు.

పురుగుల్ని తినే మొక్కలకు ఆకులుండగా ఆ అవసరమేమిటి?

ఆకులు చక్కెర ఇస్తాయి, నైట్రోజన్ ఇవ్వవు. డ్రాసెరా, నెపెంథిస్ లాంటివి నైట్రోజన్ లేని నేలల్లో పెరుగుతాయి, ఆ లోటును పురుగులతో పూడ్చుకుంటాయి. ఇతర మొక్కల మీద పడి బతికేవీ ఉన్నాయి: బంగారుతీగ పూర్తిగా, బదనిక సగం సగం. గంధపు చెట్టు కూడా పక్క చెట్ల వేర్ల నుంచి లాక్కుని బతికే రకమే.

ఒక జాతి పోతే నిజంగా ఏమవుతుంది?

చాలాసార్లు వెంటనే ఏమీ కాదు. ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

1970లలో ఆసియా వరి పొలాల్లో దోమపోటు వెంట గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు వచ్చి పంటను గిడసబార్చేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న 6 వేలకు పైగా నమూనాల్ని పరీక్షించింది. తట్టుకున్నది ఒకే ఒక్కటి, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒరైజా నివారా అనే అడవి వరి. చూడ్డానికి కలుపు గడ్డిలా ఉంటుంది, గింజ రాలిపోతుంది, దిగుబడి లేదు. దాన్ని సేకరించకముందే అది పెరిగిన చోటు పూడ్చేసి ఉంటే ఏం పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ నిరోధకత్వంతో 1976లో వచ్చిన ఐఆర్36 అనే వరి రకం కోటి హెక్టార్లకు పాకింది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు రెండు మాటల పేర్లు స్థిరపరిచినప్పటి నుంచి 571 మొక్కజాతులు అంతరించాయని 2019లో లెక్క తేలింది. అదే కాలంలో పోయిన పక్షులు, క్షీరదాలు, ఉభయచరాలు మూడూ కలిపినా అందులో సగం కూడా లేవు. ప్రస్తుతం ప్రతి 5 జాతుల్లో 2 ప్రమాదంలో ఉన్నాయని 2020 నాటి అంచనా.

బతికున్నట్టే ఉండి లేనివీ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 1895లో దొరికిన ఎన్సెఫలార్టస్ ఊడియై అనే సైకాడ్‌లో ఆడ మగ చెట్లు వేర్వేరు. దొరికింది ఒక్క మగ చెట్టు. ఆడది ఇంతవరకు కనిపించలేదు. ప్రపంచం నలుమూలలా తోటల్లో ఈ జాతి మొక్కలున్నాయి, కానీ అన్నీ ఆ ఒక్కదాని పిలకల నుంచి వచ్చినవే.

విత్తనాలు దాచిపెడితే సరిపోదా?

చాలావరకు పనికొస్తుంది. నార్వేలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన ఖజానాలో 12 లక్షలకు పైగా నమూనాలున్నాయి. సిరియా యుద్ధంతో అలెప్పో దగ్గరి విత్తన నిధి అందుబాటులో లేకుండా పోయినప్పుడు 2015లో మొదటిసారి అక్కడి నుంచి వెనక్కి తీసుకున్నారు, పనిచేసింది.

కానీ మామిడి, పనస, కొబ్బరి, రబ్బరు గింజలు ఎండబెడితే చచ్చిపోతాయి, గడ్డకట్టిస్తే పనికిరావు. ఉష్ణమండలపు అడవి చెట్లలో ఇలాంటివి చాలా. పైగా డబ్బాలో ఉన్న గింజతోపాటు దాని కందిరీగ, దాని శిలీంధ్రం రావు.

మొక్కలు విరివిగా నాటితే సమస్య తీరదా?

ఏం నాటుతున్నాం, ఎక్కడ నాటుతున్నాం అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఉంటే మంచిదే. వరసల్లో ఒకే జాతి నాటితే అది తోట, అడవి కాదు. దూరం నుంచి, ఉపగ్రహం నుంచి రెండూ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి. అంతకన్నా బాధ కలిగించేది, బీడు అని పేరుపెట్టి సహజమైన గడ్డిభూముల్లో గోతులు తవ్వడం. ఆ గడ్డి, దాని దుంపలు, దాని మీద బతికే పిట్టలు వేల ఏళ్ల నుంచి అక్కడివే. అడవి కొట్టేసిన చోటైతే చాలాసార్లు మేత, మంట ఆపితే చాలు, మోళ్లే చిగురిస్తాయి. కాకపోతే అలా ఊరుకోవడానికి ప్రారంభోత్సవం ఉండదు.

పరాయి మొక్కలన్నీ చెడ్డవేనా?

కావు. మిరప, వేరుశనగ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది, పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ అందులోంచే వచ్చింది. చిక్కంతా అదుపు తప్పే కొన్నిటితోనే. దక్షిణ అమెరికాలో పురుగులూ తెగుళ్లూ గుర్రపుడెక్కను అదుపులో ఉంచేవి. పువ్వు బాగుందని మనుషులు మోసుకెళ్లిన చోట ఆ శత్రువులు లేవు. చెరువు మీద చాపలా పరుచుకుని కింద వెలుతురు పోగొడుతుంది, నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. వయ్యారిభామ, లాంటానా నేలమీద అదే పని చేస్తున్నాయి.

తెలియని మొక్క పేరు తెలుసుకోవడమెలా?

ఒక్క ఆకు ఫొటో చాలదు. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి తర్వాత ఒకటిగా ఉన్నాయా తెలిసేలా ఒకటి, ఆకు వెనకవైపు ఒకటి, పువ్వును పక్కనుంచి ఒకటి, కాయ ఉంటే అదీ తీయండి. తుంచితే పాలు కారతాయా, వాసన ఎలా ఉంది అన్నది రాసుకోండి. ఫోన్ యాప్‌లు కుటుంబం దాకా బాగానే చెబుతాయి, జాతి దగ్గర తరచూ తడబడతాయి. యాప్ చూపించిన పేరు నమ్మి ఏ ఆకునూ నోట్లో పెట్టుకోకండి, పాలు కారే వాటిని తుంచాక చేతులు కడుక్కోండి.